బదిలీ వచ్చేదాకా

ఐలమ్మను చాప మీద పడుకోబెట్టి, ఆమె నడుం మీద మాకు పాఠం చెప్పించిన రోజు నుంచి నా కోపం తగ్గలేదు. తగ్గించుకునే ప్రయత్నం కూడా చేయడం లేదు.

నా పేరు నిర్మల. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో, తుకుం అనే పేటలో ఇరవై పడకల ప్రసూతి ఆసుపత్రిలో పదకొండేళ్లుగా నర్సును. ఆసుపత్రి పేరు రాయను. రాసినా సిగ్గుపడేవాళ్లు అక్కడ లేరు. పుట్టి పెరిగింది బల్లార్‌పూర్‌లో, చదివింది మరాఠీలో. తెలుగు చదవడం రాయడం మా అమ్మ పట్టుబట్టి ఇంట్లో నేర్పింది. ఇన్నేళ్లకు ఇది రాయడానికి పనికొచ్చింది.

ఐలమ్మ మా దగ్గర ఆయా. లేబర్ రూం కడగడం, రక్తం అంటిన గుడ్డలు నానబెట్టడం, బకెట్లు మోయడం, డాక్టరుగారికి చాయ్ పెట్టడం ఆమె పని. ఇక్కడ ఆయాలందరినీ మావుషి అంటారు, మరాఠీలో పిన్ని అని. నోటినిండా పిన్ని అని పిలిచి పాయిఖానా కడగమనడం మా ఆసుపత్రిలో రోజూ జరిగే మర్యాద. ఐలమ్మకు అరవై దాటాయి. మనిషి పొట్టి, చేతులు మాత్రం పెద్దవి.

ఆ చేతుల సంగతి ముందు చెప్పాలి. ఐలమ్మ రాజురా అవతల తెలంగాణ సరిహద్దు పల్లెలో పత్తి చేలల్లో పెరిగింది. పెళ్లయ్యాక మాజ్రి గని కాలనీకి వచ్చింది. భర్త రాయమల్లు తెలంగాణ నుంచి వచ్చి భూగర్భ గనిలో బొగ్గు నింపే పనికి కుదిరినవాడు. ఎనిమిది గంటలపాటు వంగి తట్ట నింపడం, లేచి పోయడం. ఇంటికి వచ్చేసరికి నిటారుగా నిలబడలేకపోయేవాడు. ఐలమ్మ అతణ్ని గోడకు చేతులు ఆనించి వంగమనేది. వెనక నిలబడి రెండు తుంటి ఎముకల మీద రెండు అరచేతులు పెట్టి లోపలికి ఒత్తేది. ఆ తర్వాత వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ వేసేది.

"ఏండ్ల తరబడి ఒత్తిన బిడ్డా. నొప్పి ఏడున్నదో నాకంటే ముందుగాల నా చెయ్యికే తెలుస్తది" అని నాతో అనేది.

కాలనీలో వరసకు ఆరు క్వార్టర్లు. ఆ రోజుల్లో కాన్పులు చాలావరకు ఇంట్లోనే. మగవాళ్ల నడుం పట్టిన చేతులే ఆడవాళ్ల నడుం పట్టేవి. అందులో ఒక పద్ధతి ఉండేది. గనిలో షిఫ్టు అయిపోయినంత మాత్రాన మనిషి తన చోటు వదిలి రాకూడదు. తర్వాతి షిఫ్టువాడు వచ్చి ఆ చోట నిలబడాలి. దాన్నే బదిలీ రావడం అనేవాళ్లు. ఆ వరసలోని ఆడవాళ్లూ అదే పెట్టుకున్నారు. నొప్పులు పడే మనిషి నడుం మీద ఒకరి చెయ్యి ఉంటే, రెండో మనిషి వచ్చి ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టాలి. అప్పుడు కిందున్న చెయ్యి మెల్లగా జారుకోవాలి. పొయ్యి మీద అన్నం మాడినా సరే, ఇంట్లో బిడ్డ ఏడ్చినా సరే, బదిలీ రాకుండా చెయ్యి తీసేది లేదు. నొప్పులు పడే మనిషికి ఒక్క నొప్పి కూడా ఒంటరిగా రాకూడదని ఆ పట్టింపు.

రాయమల్లు పోయాక ఐలమ్మ తుకుంలో గది తీసుకుని మా ఆసుపత్రిలో చేరింది. ఇక్కడ ఆమె చూసిందేమిటి? నొప్పులు మొదలైన మనిషిని ఇనుప బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టడం. నీళ్లు తాగనివ్వకపోవడం. లేచి నాలుగు అడుగులు వేస్తానంటే కసరడం. తల్లినీ అత్తనూ గేటు దగ్గరే ఆపేయడం. అరిస్తే తొడ మీద చరవడం. ఇంకా అరిస్తే, "మొగుడి పక్కన పడుకున్నప్పుడు తెలవలేదా?" అనడం. ఈ మాట నేను కూడా అన్నాను. ఒక్కసారి కాదు. చదువుకున్నదాన్ని, ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని. నా నోటితో అన్నాను. అందుకే ఈ కోపంలో సగం నా మీదే.

ఐలమ్మ నేల తుడుస్తూ తుడుస్తూ బల్ల దగ్గర ఆగేది. మా కళ్లుగప్పి ఆ మనిషిని పక్కకు తిప్పి నడుం పట్టేది. "ఊపిరి బిగబట్టకు. పొయ్యి ఊదినట్టు మెల్లగ ఇడువు. ఇంకింత, ఇంకింత" అనేది. మా చాయ్ స్టవ్ మీద నీళ్లు కాచి గుడ్డ తడిపి తెచ్చేది. పొట్ట మీద మాత్రం ఎన్నడూ చెయ్యి వేయలేదు. రక్తం ఎక్కువ కనిపిస్తే తనే పరుగెత్తుకొచ్చి నన్ను పిలిచేది. నొప్పి పోగొడతానని ఎవరికీ చెప్పలేదు.

"నొప్పి పోదు బిడ్డా" అంది ఒకసారి. "మొయ్యొస్తది, గంతే. మొయ్యొచ్చేటట్టు చేస్తే సాలు గద."

రెండేళ్ల కిందట వానాకాలంలో భాగ్యలక్ష్మి అనే ఆమె తొలి కాన్పుకు వచ్చింది. నొప్పంతా వెన్నులోనే. వెల్లకిలా పడుకుంటే ఆ నొప్పి రెట్టింపవుతుందని నాకు తెలుసు, పుస్తకంలో చదివాను. చదివింది పరీక్షలో రాసి వదిలేశాను. ఐలమ్మ ఆమెను బల్ల దింపి, కిటికీ ఊచలు పట్టుకుని ముందుకు వంగమని, నడుం పట్టింది. అప్పటిదాకా ఆసుపత్రి దద్దరిల్లేలా కేకలు పెట్టిన మనిషి కిటికీలోంచి వానను చూస్తూ ఊపిరి వదులుతోంది. సరిగ్గా అప్పుడే మా డాక్టరు అనంతరావు లోపలికి వచ్చాడు. ఆసుపత్రి ఆయనదే.

"పేషంటును బల్ల దింపింది ఎవరు?" అని మరాఠీలో గద్దించాడు. పేషంటుకు ఎలా ఉందని మాత్రం ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు.

నా మరాఠీ దస్తూరి బాగుంటుందని కాగితం నాతోనే రాయించాడు. ఆయా ఐలమ్మ అనుమతి లేకుండా రోగికి చికిత్స చేసిందని, ఇకమీదట రోగులను తాకనని ఒప్పుకుంటోందని రాశాను. ఐలమ్మకు తెలుగులో చెప్పాను. ఆమె బొటనవేలికి సిరా రాసుకుని, కాగితం మీద పెట్టబోతూ ఆగింది.

"తాకనంటే, కడిగేటప్పుడు సుత తాకద్దా సిస్టరమ్మా?"

డాక్టరును అడిగాను. శుభ్రం చేసేటప్పుడు తాకవచ్చన్నాడు. అంటే మలమూత్రాలు ఎత్తడానికి ఆ చేతులు పనికొస్తాయి. నొప్పి తగ్గించడానికి పనికిరావు. ఐలమ్మ వేలిముద్ర వేసింది. ఆ రోజు నుంచి దాదాపు రెండేళ్లపాటు ఏ మనిషి నడుమూ పట్టలేదు. ఎవరైనా అరుస్తుంటే తుడుపుగుడ్డ అక్కడే వదిలేసి బయట నల్లా దగ్గరికి వెళ్లి నిలబడేది.

పోయిన ఫిబ్రవరిలో నాగ్‌పూర్ నుంచి శిక్షణ ఇచ్చే ఆవిడ వచ్చింది. హాల్లో బ్యానర్ కట్టారు. మందు లేకుండా పురిటి నొప్పి తగ్గించే పద్ధతులట. నడవనివ్వాలి, పక్కకు తిరగనివ్వాలి, ముందుకు వంగనివ్వాలి. తోడుగా మనిషిని ఉండనివ్వాలి. వేడి గుడ్డ వేయాలి. ఊపిరి మెల్లగా వదలమనాలి. నడుం ఒత్తాలి. నేను వింటూ కూర్చున్నాను. కూర్చునే పెద్ద రబ్బరు బంతి తప్ప ఆవిడ చెప్పినవాటిలో ఐలమ్మ చేయనిది ఒక్కటీ లేదు.

చేసి చూపించడానికి పేషంటుగా ఒక మనిషి కావాలంది. నర్సులు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. చాప మీద పడుకుంటే ఇస్త్రీ చెడుతుందని. అనంతరావు తలుపు వైపు చూసి, "ఏ మావుషీ, ఇకడే యే" అని పిలిచాడు, ఇటు రమ్మని. ఐలమ్మ చాయ్ గ్లాసులు కింద పెట్టి వచ్చి చాప మీద పక్కకు తిరిగి పడుకుంది. పదకొండు మంది నర్సులం చుట్టూ నిలబడి ఐలమ్మ నడుం మీద నడుం పట్టడం నేర్చుకున్నాం.

నా వంతు వచ్చి చెయ్యి పెట్టగానే ఐలమ్మ మెల్లగా అంది: "గాడ గాదు బిడ్డా. ఇంకింత కిందికి. ఏళ్లతోని గాదు, అరచెయ్యి కింది గడ్డతోని."

తెలుగు తెలిసినవాళ్లు కిసుక్కున నవ్వారు. నాగ్‌పూర్ ఆవిడ నవ్వలేదు. ఏమంటోందని నన్ను అడిగింది. చెప్పాను. "ఈమెకు ఎవరు నేర్పారు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అనంతరావు, "ఆమె సఫాయి మనిషి మేడం. అందరూ చాయ్ తీసుకోండి" అన్నాడు. ఐలమ్మ లేచి చాపకు అంటిన దుమ్ము దులుపుకుని గ్లాసులు పంచింది. మాకు సర్టిఫికెట్లు ఇచ్చారు. ఫోటో తీసేటప్పుడు ఆమెను పక్కకు జరగమన్నారు. నేను నోరు మూసుకుని ఫోటోలో నవ్వాను.

ఆవిడ ఆసుపత్రికి ఇచ్చి వెళ్లిన బంతిని మాసిపోతుందని ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా అలమారలో పెట్టి తాళం వేశారు. లేబర్ రూంలో బల్ల అక్కడే ఉంది, వెల్లకిలా పడుకోబెట్టడం అక్కడే ఉంది, చరవడం అక్కడే ఉంది. బయట గోడ మీద మాత్రం కాన్పు సమయంలో తోడు మనిషి ఉండటం మీ హక్కు అని మరాఠీ పోస్టరు ఒకటి కొత్తగా వచ్చింది. దాని కిందే కూర్చుని తల్లులు గేటు ఎప్పుడు తెరుస్తారా అని ఎదురుచూస్తారు.

మే నెలలో ఒకరోజు పొద్దున పదింటికి అర్చన వచ్చింది. ఐలమ్మ కూతురి కూతురు. తల్లి లేని పిల్ల, ఐలమ్మే పెంచింది. ఇరవై ఒకటో ఏడు, మొదటి కాన్పు. భర్త శ్రావణ్‌కుమార్‌ను గేటు దగ్గర ఆపేశారు. ఐలమ్మకు ఆ రోజు డ్యూటీ కాబట్టి లోపల ఉంది. లోపల అంటే లేబర్ రూం తలుపు బయట, చేతిలో తుడుపుకర్రతో.

అర్చనకు కూడా నొప్పి వెన్నులోనే వచ్చింది. పదకొండు దాటేసరికి బల్ల అంచులు పట్టుకుని, "అమ్మమ్మా, నువ్వు రావే" అని పిలవడం మొదలుపెట్టింది. తలుపు సందులోంచి చూస్తే ఐలమ్మ తుడిచిన చోటే తుడుస్తోంది. అప్పటికే నాలుగుసార్లు తుడిచింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మీదే మండింది. తలుపు తీసి అరిచాను.

"నీ మనవరాలు పిలుస్తుంటే వినబడుతలేదా? లోపలికి రా!"

"కాగితం మీద ఏలు గుద్దిచ్చిన గద బిడ్డా" అంది. కళ్లల్లో నీళ్లున్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది. "మనవరాలైతేంది, పేషంటే గద. తాకనన్న. మాట తప్పమంటవా?"

ఎంతమంది మమ్మల్ని నమ్మి వస్తారు! మేం ఇచ్చిన ఒక్క మాట కూడా నిలబెట్టుకోం. గోడ మీద పోస్టరు అంటించి గేటుకు తాళం వేస్తాం. ఈ మనిషి చదవను కూడా రాని కాగితానికి కట్టుబడి కన్నబిడ్డ లాంటి దాని ఏడుపు వింటూ నిలబడింది.

"ఆ కాగితం రాసింది నేను. తప్పు రాసిన. ఇప్పుడు నేనే చెప్తున్న, రా పెద్దమ్మా" అన్నాను. పెద్దమ్మ అని ఆమెను పిలవడం అదే మొదటిసారి.

తుడుపుకర్ర గోడకు ఆనించింది. మోచేతుల దాకా సబ్బు పెట్టి చేతులు కడుక్కుంది. మాలో ఎవరూ అంతసేపు కడుక్కోగా నేను చూడలేదు. లోపలికి వచ్చి అర్చనను బల్ల దింపింది. నేల మీద దుప్పటి మడిచి మోకాళ్లు వేయించి, పక్కనున్న మంచం మీదికి ముందుకు వాల్చింది. వెనక కూర్చుని తుంటి ఎముకల మీద అరచేతులు పెట్టి, నొప్పి వచ్చినప్పుడల్లా లోపలికి ఒత్తింది. నొప్పికీ నొప్పికీ మధ్య వేడి గుడ్డ. "ఊదు బిడ్డా. పొయ్యి ఊదు. పోతున్నది, పోతున్నది, పోయింది. గిప్పుడు నీళ్లు తాగు." నేను అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు వింటూ రాసుకున్నాను. చక్కగా ఉంది. అర్చన అరుపులు మూలుగులయ్యాయి. రెండింటికి ఆ పిల్ల నొప్పుల మధ్య కాసేపు కునుకు కూడా తీసింది.

మూడింటికి అనంతరావు వచ్చాడు. నేల మీద ఉన్న పేషంటును చూశాడు, ఆమె వెనక ఐలమ్మను చూశాడు. మొహం ఎర్రబడింది.

"బాహేర్!" అన్నాడు. బయటికి పొమ్మని.

అర్చనకు అప్పుడే నొప్పి ఎక్కుతోంది. ఐలమ్మ తల కూడా తిప్పలేదు. "బదిలీ రాలే సారూ" అంది.

ఆయనకు అర్థం కాలేదు. ఇంకా గట్టిగా అరిచాడు. "నీ ఉద్యోగం పోయింది. ఫో బయటికి!" ఐలమ్మ చేతులు కదల్లేదు. ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు. పని ఎవరికి అప్పజెప్పాలా అని చూసే చూపు అది.

నేను వెళ్లి ఆమె వెనక మోకాళ్ల మీద కూర్చుని, ఆమె చేతుల మీద నా చేతులు పెట్టాను. ఎంత బలంగా ఒత్తాలో, ఎక్కడ ఒత్తాలో ఆ చేతుల మీది నుంచే నాకు తెలిసింది. చాప మీద తెలియనిది అక్కడ తెలిసింది. నొప్పి దిగాక ఆమె చేతులు నా అరచేతుల కింది నుంచి మెల్లగా జారాయి.

"అమ్మమ్మా, తియ్యకే" అంది అర్చన, కళ్లు మూసుకునే.

"తియ్యలే బిడ్డా. నడుం మీద చెయ్యి ఉన్నది" అంది ఐలమ్మ. లేచి, డాక్టరు పక్కనుంచే నడిచి బయటికి వెళ్లిపోయింది.

పేషంటును బల్ల ఎక్కించమన్నాడు అనంతరావు. ఆ పిల్లనే అడిగాను. ఎక్కనంది. "ఎక్కనంటోంది సార్. గుండె చప్పుడు బాగుంది, రాసిపెట్టాను చూడండి" అన్నాను. చేతులు మాత్రం తీయలేదు. నాలుగుంపావుకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. బయటికి వచ్చి చూస్తే ఐలమ్మ గేటు అవతల మిగతా తల్లుల పక్కన కూర్చుని ఉంది.

మర్నాటి నుంచి ఆమెను గేటు దాటనివ్వలేదు. మళ్లీ ఒక కాగితం రాయమని నాకే ఇచ్చారు. ఈసారి ఒక్క వాక్యం రాశాను: ఆమెను లోపలికి పిలిచింది నేనే. నన్ను తీసేస్తారనుకున్నాను. తీసేయలేదు. తనిఖీ ఉందట, శిక్షణ పొందిన నర్సులు లెక్కకు కావాలట. ఎవరి దగ్గర శిక్షణ పొందానో అడిగితే చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఎవరూ అడగలేదు.

వారం కిందట అనంతరావు నన్ను పిలిచాడు. తనిఖీవాళ్లు శుక్రవారం వస్తున్నారు, తోడు మనిషి పద్ధతి మన దగ్గర ఎలా నడుస్తోందో చూపించాలి, ఆ ముసలమ్మను ఒక్కరోజు రమ్మను, శాలువా కప్పుదాం అన్నాడు. శాలువా అట! నోటికొచ్చిన మాట మింగి, సాయంత్రం ఐలమ్మ గదికి వెళ్లాను. ఆమె కాళ్లు చాపి, ముని మనవరాలిని ఆ కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తోంది. పిల్ల ఒళ్లు తుడిచేదాకా నేను చెప్పింది విని, తల అడ్డంగా ఊపింది.

"నేను రాను బిడ్డా. బదిలీ ఇచ్చి దిగినంక మల్ల గాడికి పోవుడు ఉండదు. గా చోటు గిప్పుడు నీది. నువ్వున్నవ్ గద."

శుక్రవారం పదకొండింటికి తనిఖీవాళ్లు హాల్లోకి వచ్చారు. అలమార తాళం తీసి బంతి బయట పెట్టారు. అప్పుడు నేను లేబర్ రూంలో ఉన్నాను. మాజ్రి నుంచి కాన్పుకు వచ్చిన మనిషి కిటికీ ఊచలు పట్టుకుని వంగి ఉంది. ఆమె తల్లి గేటు దగ్గరే ఆగిపోయింది. నా రెండు చేతులూ కూతురి నడుం మీద ఉన్నాయి. అనంతరావు తలుపు తోసి, "అందరూ నీకోసం చూస్తున్నారు, సర్టిఫికెట్ తీసుకుని హాల్లోకి రా, వెంటనే" అన్నాడు.

నేను తల తిప్పలేదు. ఆమెకు నొప్పి ఎక్కుతోంది.

"బదిలీ రాలేదు సార్" అన్నాను. "గేటు తీయించండి. ఈమె తల్లిని లోపలికి పంపండి. ఆమె వచ్చి చెయ్యి పెట్టాక వస్తాను."